పోగు చాలదు, ముక్క కావాలి

సూరత్ రింగ్ రోడ్‌లో బట్టల బేరం మాటతో కాదు, ముక్కతో మొదలవుతుంది. సహారా దర్వాజా నుంచి ఉధ్నా దర్వాజా దాకా బారులు తీరిన మార్కెట్లలో కొనేవాడు ముందు శాంపిల్ ముక్క అడుగుతాడు. వేళ్ల మధ్య నలిపి చూస్తాడు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడు, అంచు లాగి చూస్తాడు. ముక్కకు బదులు రెండు పోగులు తెచ్చి చేతిలో పెడితే నవ్విపోతాడు. పోగును బట్టి రంగు తెలుస్తుంది. నూలో, పాలిస్టరో కూడా తెలుస్తుంది. కానీ పడుగూ పేకా ఎలా కలిశాయో, నేత బిగువెంతో, తాను మొత్తం ఎలా ఉంటుందో తెలియాలంటే ముక్క ఉండాల్సిందే.

క్లోమంలో గడ్డ ఉన్నట్టు స్కానింగ్‌లో తేలిన రోగి విషయంలో వైద్య ప్రపంచం దాదాపు ముప్పై ఏళ్లపాటు తర్జనభర్జన పడింది ఇలాంటి ప్రశ్న మీదే. సూదితో ఆ గడ్డలోంచి తేవాల్సింది విడివిడి కణాలా, లేక అల్లిక చెదరని కణజాలమా? ఇది నిపుణుల సదస్సులకే పరిమితమైన చర్చలా కనిపించవచ్చు. కానీ దాని ఖర్చు మోసేది రోగి. మొదటిసారి తీసిన నమూనా చాల్లేదంటే మళ్లీ ప్రయాణం, మళ్లీ మత్తు, మళ్లీ బిల్లు. ఈలోగా జబ్బు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఆ ఆలస్యం ఎంత బరువో తెలియాలంటే సూరత్‌లోని తెలుగువారిని చూడాలి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా చుట్టుపక్కల తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపేంత జనాభా అది. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. అలాంటి ఇంట్లో పెద్ద జబ్బు బయటపడి, స్థానికంగా తేలదన్నప్పుడు కనిపించే దారులు రెండు. ఒకటి సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని ముంబై. రెండోది నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగి, అక్కడి నుంచి హైదరాబాద్. ఏ దారి పట్టినా వెంట ఒక మనిషి ఉండాలి. అంటే ఇంట్లో రెండు కూలీలు పోయినట్టే.

హైదరాబాద్ పేరు ఊరికే రాలేదు. 1994లో సోమాజిగూడలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఎండోస్కోపీ చికిత్సల్లో దేశవిదేశాల వైద్యులకు శిక్షణ ఇచ్చే స్థాయికి ఎదిగింది. ఆయనకు 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి. అయితే ఈ విద్య ఇప్పుడు మహానగరాల సొత్తు మాత్రమే కాదు. సూరత్‌లోనే రింగ్ రోడ్‌ను ఆనుకుని మజూరా గేట్ దగ్గరున్న సూరత్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డైజెస్టివ్ సైన్సెస్ వైద్యులు ఈ రంగంలో పరిశోధన వ్యాసాలు ప్రచురిస్తున్నారు. యంత్రం రోగికి దగ్గరగా వచ్చింది. ఇక తేలాల్సింది దాని కొసన ఉండే సూది సంగతి.

సూది సంగతి తేలాలంటే ముందు క్లోమం ఎక్కడుందో తెలియాలి. జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు, అడ్డంగా పడుకుని ఉండే ఈ గ్రంథి పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దాని తలను చిన్నపేగు మొదటి మలుపు చుట్టుకుని ఉంటుంది, తోక ప్లీహం దాకా పోతుంది. పక్కనే పెద్ద రక్తనాళాలు. చేత్తో తడిమితే దొరకదు. పొట్ట మీద నుంచి చేసే మామూలు అల్ట్రాసౌండ్‌కు పేగుల్లోని గాలి అడ్డొస్తుంది. ఇంట్లోవాళ్ల కంట పడని మూలగదిలో దొంగ దూరినట్టు, క్యాన్సర్ ఇక్కడ చాలాకాలం చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

తల భాగంలో గడ్డ పెరిగి పిత్తవాహికను నొక్కితే కామెర్లు వస్తాయి. కామెర్లనగానే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది పసరు మందు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి ఆ ఘనత పసరు ఖాతాలో పడుతుంది. కానీ నడివయసు దాటాక నొప్పి లేకుండా వచ్చి రోజురోజుకీ ముదిరే కామెర్లు, కారణం లేకుండా తగ్గే బరువు, ఉన్నట్టుండి బయటపడే మధుమేహం వేరే కథ చెబుతుండవచ్చు. పథ్యం చేస్తూ పోగొట్టుకున్న వారాలు తిరిగి రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల 11 వేల మందికి కొత్తగా క్లోమ క్యాన్సర్ వస్తే, సుమారు 4 లక్షల 67 వేల మంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండే క్యాన్సర్లు తక్కువ. జబ్బు బయటపడే వేళకి శస్త్రచికిత్సకు వీలున్నవారు నూటికి 15 నుంచి 20 మందే.

సీటీ స్కాన్‌లో గడ్డ కనిపించింది కదా, ఇంకా సూది ఎందుకు? ఎందుకంటే స్కాన్ గడ్డ ఉందని చెబుతుంది, అది ఎక్కడిదాకా పాకిందో చెబుతుంది, కానీ అది ఏమిటో ప్రతిసారీ ఖాయంగా చెప్పలేదు. క్లోమ క్యాన్సర్లలో నూటికి 90 దాకా అడినోకార్సినోమా అనే మొండిరకం. మిగిలినవాటిలో నిదానంగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితులు ఉంటాయి, మందులకు లొంగే లింఫోమా ఉంటుంది. అసలు క్యాన్సరే కానివీ ఉంటాయి. ఒంటి రోగనిరోధక వ్యవస్థ తన మీద తానే తిరగబడితే వచ్చే క్లోమ వాపు అచ్చం గడ్డలా కనిపించి స్టెరాయిడ్లతో కరిగిపోతుంది. మన దేశంలో క్షయ సైతం అరుదుగా క్లోమంలో గడ్డకట్టి క్యాన్సర్ వేషం వేస్తుంది. క్షయ మందులతో నయమయ్యే మనిషికి కీమోథెరపీ మొదలుపెడితే? లేదా కీమో కావాల్సిన మనిషిని వాపేనని ఇంటికి పంపితే? రెండూ ఘోరాలే.

దీనికి లోకమంతటికీ తెలిసిన ఉదాహరణ యాపిల్ సంస్థ అధిపతి స్టీవ్ జాబ్స్. 2003లో స్కాన్‌లో ఆయన క్లోమంలో కణితి కనిపించింది. వైద్యులు నయంకాని రకమేనని భావించి, వ్యవహారాలు చక్కబెట్టుకోమన్నారు. అదే రోజు సాయంత్రం గొంతులోంచి ఎండోస్కోప్ దించి, జీర్ణాశయం దాటించి, సూదితో కణితిలోంచి కొన్ని కణాలు తీశారు. సూక్ష్మదర్శినిలో చూసిన వైద్యులు కంటతడి పెట్టుకున్నారట, శస్త్రచికిత్సకు లొంగే అరుదైన రకమని తేలడంతో. 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో ఈ సంగతి ఆయనే చెప్పారు. ఆ తర్వాత శస్త్రచికిత్సకు నెలల తరబడి ఆలస్యం చేయడం, 2011లో కన్నుమూయడం వేరే అధ్యాయం. కానీ ఉదయం స్కాన్ ఇచ్చిన తీర్పును సాయంత్రం సూది మార్చేసిందన్నది మాత్రం వాస్తవం.

ఆ సూది క్లోమాన్ని చేరడానికి రెండు దారులున్నాయి. పాతది చర్మం మీద నుంచి. పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టో, సీటీ స్కాన్‌లో చూస్తూనో, పైనుంచి పొడవాటి సూది దించుతారు. చవక, ఎక్కువ ఆస్పత్రుల్లో అందుబాటులో ఉంటుంది. కాలేయానికి పాకిన మచ్చ నుంచి నమూనా తీయాలంటే తరచుగా ఇదే తేలిక. కానీ క్లోమం దాకా వెళ్లాలంటే మధ్యలో పొట్ట పొరలు, పేగులు, రక్తనాళాలు ఉంటాయి. చిన్న గడ్డయితే గురి కుదరడమూ కష్టమే.

రెండోది లోపలి దారి. ఎండోస్కోప్ కొసకు చిన్న అల్ట్రాసౌండ్ యంత్రాన్ని బిగించి కడుపులోకి దించే ప్రయోగాలు 1980 ప్రాంతంలో అమెరికా, జర్మనీల్లో జరిగాయి. వైద్యులు పొట్టిగా ఈయూఎస్ అనే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ పుట్టింది అలా. జీర్ణాశయం గోడకు ఆనించి చూస్తే దాని వెనకే ఉన్న క్లోమం చేతికందే దూరంలో కనిపిస్తుంది. గాలి అడ్డు లేదు, కొన్ని మిల్లీమీటర్ల గడ్డ కూడా దొరుకుతుంది. మొదట్లో ఇది చూడ్డానికే పనికొచ్చేది. సూది వెళ్లే దారి మొత్తం తెరమీద కనిపించే రకం స్కోపులు వచ్చాక, 1992లో డెన్మార్క్ వైద్యుడు పీటర్ విల్మన్ బృందం ఈ పద్ధతిలో క్లోమం నుంచి సూదితో నమూనా తీసిన వైనాన్ని ప్రచురించింది. అప్పటి నుంచి చూసే పరికరమే తీసే పరికరం కూడా అయింది.

సూదుల లెక్క నేతపని తెలిసినవారికి సులువుగా అర్థమవుతుంది. నూలు కౌంట్ లాగే సూది గేజ్ కూడా, అంకె పెరిగేకొద్దీ సన్నన. 19 గేజ్ సూది వ్యాసం మిల్లీమీటరు పైచిలుకు, 22 గేజ్ 0.7 మిల్లీమీటర్లు, 25 గేజ్ అర మిల్లీమీటరు. లావు సూదితో ఎక్కువ సరుకు వస్తుంది కదా అనుకుంటాం. కానీ క్లోమం తలలోని గడ్డను అందుకోవాలంటే స్కోప్ చిన్నపేగు మలుపులో బాగా వంగాలి. ఆ వంపులో 19 గేజ్ సూది బిర్రబిగుసుకుపోతుంది. 25 గేజ్ సులువుగా జారుతుంది కానీ తెచ్చేది తక్కువ. అందుకే నడిమి మేలుగా 22 గేజ్ ఎక్కువ వాడుకలోకి వచ్చింది.

తొలి రెండు దశాబ్దాలు రాజ్యమేలింది ఎఫ్‌ఎన్‌ఏ సూది. మెడ మీద గడ్డకో, రొమ్ములో గడ్డకో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష పేరు చాలామంది వినే ఉంటారు, అదే సూత్రం. మామూలు ఇంజక్షన్ సూదిలా ఏటవాలుగా కోసిన కొస. గడ్డలో ముందుకీ వెనక్కీ ఆడిస్తే కణాలు ఊడి లోపలికి వస్తాయి. వాటిని గాజు పలక మీద పరిచి, రంగులద్ది చూస్తారు. కణం క్యాన్సర్‌దో కాదో చెప్పడానికి చాలాసార్లు ఇది చాలు. ఇబ్బంది వచ్చేది కణం చెప్పని విషయాల దగ్గర. లింఫోమా ఏ రకమో, న్యూరోఎండోక్రైన్ కణితి ఎంత జోరుగా పెరుగుతోందో, ఇది తిరగబడ్డ రోగనిరోధక శక్తి చేసిన వాపో కాదో చెప్పాలంటే కణాల మధ్య అల్లిక కనిపించాలి. ఎఫ్‌ఎన్‌ఏ కణాలను కూడబెట్టి మైనపు దిమ్మగా చేసే పద్ధతి ఉన్నా, ప్రతిసారీ తగినంత సరుకు దొరకదు.

దానికి జవాబే ఎఫ్‌ఎన్‌బీ సూదులు. ఇవి కణాలను ఊడబెరకవు, సన్నటి కడ్డీలా కణజాలాన్ని కోసి తెస్తాయి. మొదట్లో వచ్చిన స్ప్రింగు సూదులు బిరుసుగా ఉండి పేగు వంపులో మొరాయించాయి. తర్వాత సూది పక్కన వెనక్కి తిరిగిన గాటు పెట్టినవి వచ్చాయి. 2010 దశకంలో పాము నాలుకలా రెండుగా చీలిన కొస ఉన్నవి, కిరీటంలా మూడు మొనలు తేలిన ఫ్రాన్సీన్ కొస ఉన్నవి వచ్చాయి. ఫ్రాన్సీన్ ఆలోచన కొత్తదేమీ కాదు, 1941లోనే ఒక అమెరికన్ వైద్యుడు అలాంటి సూదిని వర్ణించారు. దాన్ని ఎండోస్కోప్‌లో దూరేంత సన్నగా చెక్కడానికి డెబ్బై ఐదేళ్లు పట్టింది.

మరి కొత్తది పాతదానికన్నా మెరుగేనా? వైద్యంలో కొత్తదనమే మెరుగని నమ్మడం ప్రమాదం. అందుకే లాటరీ పద్ధతిలో రోగులను రెండు జట్లుగా చేసి పోల్చిన అధ్యయనాలను చూడాలి. 2019లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో క్లోమంతో పాటు ఇతర చోట్ల గట్టి గడ్డలున్న 608 మందిని తీసుకున్నారు. కణజాలం చూడదగ్గ రూపంలో దొరికింది 20 గేజ్ ఎఫ్‌ఎన్‌బీతో నూటికి 77 మందిలో, 25 గేజ్ ఎఫ్‌ఎన్‌ఏతో 44 మందిలో. క్యాన్సర్ అవునో కాదో సరిగ్గా తేల్చింది ఎఫ్‌ఎన్‌బీలో 87 శాతం, ఎఫ్‌ఎన్‌ఏలో 78 శాతం. మొదటి తేడా ఎంత పెద్దదో, రెండోది అంత పెద్దది కాదు. అంటే 'క్యాన్సరా, కాదా' అన్న ఒక్క ప్రశ్నకే అయితే పాత సూది మరీ వెనకబడి లేదు. ఆ తర్వాతి ప్రశ్నలకు మాత్రం అది తేలిపోతుంది.

కొత్త సూదులన్నీ ఒకటి కావు కూడా. అమెరికాలోని ఓర్లాండో వైద్యులు నాలుగు రకాల ఎఫ్‌ఎన్‌బీ కొసలను 129 మందిలో పోల్చి చూస్తే చీలిన కొస, మూడు మొనల కొస ముందు నిలిచాయి. మరో విషయం, సిరంజితో గట్టిగా పీల్చితే నమూనాలో రక్తం ఎక్కువై కణజాలాన్ని ముంచేస్తోంది. సూది లోపలి తీగను మెల్లమెల్లగా వెనక్కి లాగుతూ, ఆ కాస్త పీల్పుతోనే సరిపెట్టడం ఒక పద్ధతి. సూదిని ముందే సెలైన్‌తో నింపి పీల్చడం ఇంకొకటి. సూది తిప్పే తీరూ ముఖ్యమే. ఒకే దారిలో పొడవకుండా విసనకర్ర పుల్లల్లా గడ్డలో నాలుగు దిక్కులకూ తిప్పితే లాభమెంతో 2013లో ఒక అధ్యయనం చూపింది. మామూలుగా పొడిచినప్పుడు మొదటి పోటుకే రోగం తేలింది 57.7 శాతం మందిలో, విసనకర్రలా తిప్పినప్పుడు 85.7 శాతంలో. గడ్డ నడిమి భాగం చాలాసార్లు చచ్చిపోయి పనికిరాకుండా ఉంటుంది, అసలు సంగతి అంచుల్లో ఉంటుంది. ఖరీదైన సూది కన్నా ఒడుపున్న చెయ్యి తక్కువదేమీ కాదు.

ఇక అసలు మలుపు. ఎఫ్‌ఎన్‌ఏ రోజుల్లో మంచి ఫలితం రావాలంటే ఎండోస్కోపీ గదిలోనే ఒక సైటోపాథాలజిస్టు సూక్ష్మదర్శినితో కూర్చోవాలి. తీసిన కణాలకు అక్కడికక్కడే రంగువేసి 'చాలు' అనో, 'ఇంకోసారి పొడవండి' అనో చెప్పాలి. పెద్ద సంస్థలకు ఇది కుదురుతుంది. జిల్లా కేంద్రంలోని ఆస్పత్రి మాటేమిటి? గంటకో రోగి కోసం ఆ నిపుణుణ్ని అక్కడ కూర్చోబెట్టడం జరిగే పని కాదు. ఇటలీలోని వెరోనా వైద్యుడు స్టెఫానో క్రినో నేతృత్వంలో వివిధ దేశాల్లో 800 మందిపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. ఎఫ్‌ఎన్‌బీ సూది వాడినప్పుడు నిపుణుడు గదిలో ఉంటే సరైన నిర్ధారణ 96.4 శాతం, లేకుంటే 97.4 శాతం. అంటే ఉన్నా లేకున్నా ఒకటే. సూది మంచిదైతే వైద్యుడే కంటితో ముక్కను చూసి సరిపోతుందో లేదో అంచనా వేయవచ్చు. 4 మిల్లీమీటర్ల తెల్లటి కడ్డీ కనిపిస్తే ఫలితం మెరుగన్నది 2015లో జపాన్ వైద్యులు చెప్పిన కొలత.

చిన్న నగరాల దృష్టితో చూస్తే ఈ అధ్యయనం విలువ ఎనలేనిది. ఎఫ్‌ఎన్‌బీ సూది ధర ఎఫ్‌ఎన్‌ఏ సూదికన్నా ఎక్కువ. ఆ తేడాను బిల్లులో చూసి చాలామంది చవకదే చాలంటారు. కానీ చవక సూది నమూనా చాలక రెండోసారి రావాల్సి వస్తే? రెండో ఎండోస్కోపీ, రెండో మత్తు, రెండో రైలు, పోయిన కూలీ, పోయిన వారాలు కూడితే ఏది చవక? ఇంకో లాభమూ ఉంది. ఫార్మలిన్‌లో వేసిన ముక్క మైనపు దిమ్మగా మారి ఏళ్లతరబడి నిలుస్తుంది. స్థానిక ల్యాబ్‌కు అనుమానముంటే ఆ దిమ్మ హైదరాబాద్‌కో ముంబైకో కొరియర్‌లో వెళుతుంది. దాన్నుంచి మళ్లీ పలకలు కోయవచ్చు, మరిన్ని పరీక్షలు చేయవచ్చు. ముక్క ప్రయాణిస్తే మనిషి ప్రయాణించనక్కర్లేదు.

నిపుణుల సంఘాలు సైతం ఈ దిశగానే కదిలాయి. 2017లో ఐరోపా సంఘం రెండు సూదులూ సమానమే అంది. 2024లో అమెరికా సంఘం క్లోమంలోని గట్టి గడ్డలకు ఎఫ్‌ఎన్‌ఏకన్నా ఎఫ్‌ఎన్‌బీనే మేలని, అందులోనూ 22 గేజ్ చీలిన కొస లేదా ఫ్రాన్సీన్ కొస వాడమని సూచించింది. ఏడేళ్లలో తూకం ఒకవైపు మొగ్గింది. నీటి తిత్తుల్లాంటి గడ్డల లెక్క వేరు, అక్కడ ఈ సూచన వర్తించదు.

ముక్క అవసరం మున్ముందు ఇంకా పెరుగుతుంది. క్లోమ క్యాన్సర్లలో నూటికి 90కి పైగా కేఆర్‌ఏఎస్ జన్యువులో మార్పు ఉంటుంది. కొద్దిమందిలో ప్రత్యేక మందులకు లొంగే ఇతర లోపాలు ఉంటాయి. పుట్టుకతో బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవారికి ఒలాపరిబ్ మాత్ర జబ్బు ముదరకుండా కొంతకాలం నిలువరిస్తుందని 2019లో తేలింది. ఆ లోపం రక్తపరీక్షలోనే తెలుస్తుంది కానీ, కణితిలో మాత్రమే ఉండే మార్పులు వెతకాలంటే కణితి ముక్క చాలినంత ఉండాలి.

ఇక మన ఇళ్లలో వినిపించే భయం ఒకటుంది. 'సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది, ముట్టుకోవద్దు.' పూర్తిగా పుకారని కొట్టిపారేయలేం, కానీ అంకెలు చూడాలి. జపాన్‌లో క్లోమ కణితులకు ఈయూఎస్ సూది గుచ్చిన 12 వేల మందికి పైగా రోగులను పరిశీలిస్తే సూది దారిలో క్యాన్సర్ మొలిచింది 0.33 శాతం మందిలో, అంటే వెయ్యికి ముగ్గురు నలుగురు. తల భాగంలోని గడ్డకు శస్త్రచికిత్స చేసినప్పుడు సూది వెళ్లిన పేగు ముక్క కూడా గడ్డతో పాటే బయటికొస్తుంది, కాబట్టి అక్కడ ఆ భయం ఇంకా తక్కువ. 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో పొట్టలోపలి పొరకు క్యాన్సర్ పాకింది లోపలి దారిన గుచ్చినవారిలో 2.2 శాతం, చర్మం మీద నుంచి గుచ్చినవారిలో 16.3 శాతం. శస్త్రచికిత్సకు వీలున్న రోగికి లోపలి దారినే ఎంచుకోవడానికి ఇదో కారణం. రక్తస్రావం, క్లోమం వాపు వంటి ఇక్కట్లు ఎఫ్‌ఎన్‌ఏ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నూటికి ఒకరికి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

అలాగని ప్రతి గడ్డకూ సూది అక్కర్లేదు. స్కాన్‌లో క్యాన్సర్ లక్షణాలు స్పష్టంగా ఉండి, గడ్డ తీసేయడానికి వీలుగా ఉండి, రోగి తట్టుకోగలిగితే సర్జన్ నేరుగా కత్తి పట్టవచ్చు. అక్కడ బయాప్సీ కోసం ఆగడం కాలయాపనే. కీమోథెరపీ ముందు ఇవ్వాలన్నా, శస్త్రచికిత్సకు వీల్లేదన్నా, గడ్డ స్వభావం మీద అనుమానమున్నా అప్పుడు నమూనా తప్పనిసరి. రుజువు లేకుండా కీమో మొదలుపెట్టకూడదు.

ఇంకో మాట గట్టిగా చెప్పుకోవాలి. బయాప్సీలో 'క్యాన్సర్ కనిపించలేదు' అంటే 'క్యాన్సర్ లేదు' అని అర్థం కాదు. సూది గడ్డ పక్కన గుచ్చుకుని ఉండవచ్చు, వాచిన భాగం నుంచే ముక్క వచ్చి ఉండవచ్చు. క్లోమం దీర్ఘకాలంగా వాచి గట్టిపడిన రోగుల్లో ఈ మోసం మరీ ఎక్కువ. 2005 నాటి ఒక అధ్యయనంలో ఎఫ్‌ఎన్‌ఏ సూది మామూలు క్లోమంలోని క్యాన్సర్లను 91.3 శాతం పట్టుకుంటే, వాచిన క్లోమంలో 73.9 శాతమే పట్టుకుంది. అంటే అక్కడ ప్రతి నలుగురిలో ఒకరి క్యాన్సర్ తప్పించుకుంది. మన దేశంలో చిన్న వయసులోనే క్లోమం వాచి రాళ్లు పట్టే జబ్బు ఎక్కువ కాబట్టి ఈ అంకె మనకు మరింత వర్తిస్తుంది. స్కాన్ ఒకటి చెప్పి సూది మరొకటి చెబితే, రిపోర్టు మడిచి బీరువాలో పెట్టుకోవడం కాదు, మళ్లీ వైద్యుడి ముందు కూర్చోవాలి.

రోగి తరఫువాళ్లు ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎండోస్కోపీకి సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ బయాప్సీ ఫలితాన్ని బట్టి చికిత్స మారుతుందా? తీసేది కణాలా, ముక్కా? గదిలో పాథాలజిస్టు ఉంటారా, లేకుంటే నమూనా చాలిందని ఎలా తెలుస్తుంది? పరీక్షయ్యాక మైనపు దిమ్మ మాకిస్తారా? కామెర్లున్న రోగికి ఇంకో ప్రశ్న కలపవచ్చు. పిత్తవాహికలో స్టెంట్ వేయాల్సివస్తే, ఆ పనీ ఈ బయాప్సీ ఒకే మత్తులో పూర్తవుతాయా? చాలాచోట్ల అవుతాయి.

మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. లింబాయత్ నుంచి వచ్చిన మగ్గం కార్మికుడు అడిగినా అంతే, గచ్చిబౌలి ఇంజనీరు అడిగినా అంతే. క్లోమ క్యాన్సర్ సోకినవారిలో ఐదేళ్లు బతికేవారు అమెరికాలో సైతం నూటికి 13 మందే. ఏ సూదీ ఆ అంకెను ఒక్కపోటుతో మార్చలేదు. కానీ క్షయరోగిని క్యాన్సర్ వార్డు నుంచి, నయమయ్యే కణితిని నయంకాని జాబితా నుంచి తప్పించగలదు. మిగిలినవారికి కనీసం ఆ మూడు వారాలను మిగల్చగలదు. ఈ జబ్బులో మూడు వారాలు చిన్న విషయం కాదు.